స్కాటర్ డయాగ్రమ్ గీయడం, చదవడం ఎలా? గుంటూరు మిర్చి లాట్లతో సమగ్ర మార్గదర్శి

ప్రాజెక్టు పని మొదలుపెట్టిన డిగ్రీ, ఎంబీఏ విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "సార్, రెండు కాలమ్‌ల డేటా ఉంది. వాటి మధ్య సంబంధం ఉందో లేదో ఎలా చెప్పాలి?" గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసేవాళ్లు, కోల్డ్ స్టోరేజీ నడిపేవాళ్లు అడిగేదీ అదే, కాకపోతే వాళ్ల మాటల్లో: "తేమ ఎక్కువుంటే రేటు నిజంగా ఎంత పడుతోంది?"

చాలామంది నేరుగా ఎక్సెల్‌లో సహసంబంధ గుణకం (రెండు కొలతల మధ్య సంబంధం ఎటు, ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె) వేసేసి, వచ్చిన అంకెను రిపోర్టులో పెట్టేస్తారు. ఆ వరుస తప్పు. ముందు స్కాటర్ డయాగ్రమ్ గీయాలి, అంటే ఒక కొలతను అడ్డంగా, ఇంకోదాన్ని నిలువుగా తీసుకుని ఒక్కో జతకు ఒక్కో చుక్క పెట్టాలి. ఆ చుక్కల్ని తీరిగ్గా చూడాలి, ఆ తర్వాతే అంకె. చుక్కలు పెట్టే ముందు, ఏ చుక్క ఏ లాటుదో (కలిపి ఒకే ధరకు అమ్మే బస్తాల గుంపు) వెనక్కి వెళ్లి చెప్పగలిగేలా డేటా రాసుకోవాలి. ఈ రెండూ పాటిస్తే మిగతా పని సులువే.

ఉదాహరణకు మిర్చి తేమ, ధర తీసుకున్నాను. కింద ఇచ్చిన అంకెలు అభ్యాసం కోసం నేను వేసుకున్నవే, ఏ రోజు మార్కెట్ ధరలూ కావు. మీరూ కాగితం మీద గీస్తూ చదవండి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"మిర్చి ధరల మీద అధ్యయనం" అనేది ప్రశ్న కాదు. "తేజ రకం మేలు కాయల లాట్లలో తేమ శాతం పెరిగినప్పుడు క్వింటాల్ ధర తగ్గుతోందా?" అనేది ప్రశ్న. ఇందులో రెండు చలరాశులు (మారే కొలతలు) ఉన్నాయి, ఏ రకమో ఉంది, ఏ గ్రేడో ఉంది, ఏ దిశలో మార్పును వెతుకుతున్నామో కూడా ఉంది.

రెండు చలరాశులూ కొలిచే అంకెలై ఉండాలి. తేమ శాతం, ధర, బరువు, ఉష్ణోగ్రత, కరెంటు యూనిట్లు ఇలాంటివి. "బాగుంది, ఫరవాలేదు, బాగోలేదు" లాంటి మూడు మాటల డేటాకు ఈ పటం పనికిరాదు.

ఏది కారణం కావచ్చని అనుమానమో దాన్ని ఎక్స్ అక్షం మీద, ఏది ఫలితం కావచ్చో దాన్ని వై అక్షం మీద పెట్టడం ఆనవాయితీ. ఇక్కడ తేమ ఎక్స్, ధర వై. ఏది కారణమో తెలియకపోతే ఎటు పెట్టినా నష్టం లేదు, సహసంబంధ గుణకం మారదు.

2. డేటా షీటు: అసలు పని ఇక్కడే

స్కాటర్ డయాగ్రమ్‌లో ప్రతి చుక్క ఒక జత. ఒకే లాటు తేమ, ఆ లాటుకే పలికిన ధర. ఈ జత చెదిరితే మొత్తం పని చెడిపోతుంది. పొద్దున ఒక లాటు తేమ చూసి, సాయంత్రం యార్డు సగటు ధర తెచ్చి పక్కన రాస్తే అది జత కాదు.

తేమ కొలిచేటప్పుడు ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) పైనున్న కాయల్ని తీసుకుని మీటర్‌లో పెట్టేస్తే చాలదు. పై కాయలు ఎండి ఉంటాయి, మధ్యలోవి మెత్తగా ఉంటాయి. లాటులో నాలుగైదు టిక్కీల నుంచి, ఒక్కోదాంట్లో పైన, మధ్యన, అడుగున కాయలు తీసి కలిపి, ఆ కలిపిన నమూనాను కొలవండి. అన్ని లాట్లకూ ఒకే మీటర్ వాడండి. రెండు మీటర్ల మధ్య ఒక్క శాతం తేడా ఉన్నా పటంలో లేని గుంపులు పుట్టుకొస్తాయి.

మీటర్ 11.3 చూపిస్తే 11.3 అనే రాయండి. 11 అని దశాంశం వదిలేసి రాసేస్తే చుక్కలన్నీ 10, 11, 12 దగ్గర నిలువు వరుసల్లో నిలబడతాయి. పటంలో అలాంటి వరుసలు కనిపిస్తే మిర్చిని అనుమానించకండి, రాసినవాళ్లని అడగండి.

విశ్లేషణకు రెండు కాలమ్‌లే చాలు. కానీ షీటులో ఇంకా కొన్ని రాసుకోవాలి. పటంలో ఏదైనా వింతగా కనిపిస్తే జవాబు దొరికేది వాటిలోనే.

షీటులో ఉండాల్సినవి:

- లాటు నంబరు
- తేదీ, వీలైతే కొలిచిన సమయం
- రకం: తేజ, 334, బ్యాడిగి, ఏదైతే అది
- గ్రేడు: మేలు కాయా, మీడియమా, తాలా (తెల్లబారి రంగు పోయిన కాయ)
- సరుకు కళ్లం నుంచి నేరుగా వచ్చిందా, కోల్డ్ స్టోరేజీ నుంచా
- తేమ శాతం, ఒక దశాంశ స్థానం వరకు
- క్వింటాల్ ధర రూపాయల్లో
- కొలిచినవాళ్ల పేరు, మీటరు గుర్తు
- రిమార్కులు: వాన పడిందా, బస్తా తడిసిందా, ఇంకేదైనా

రిమార్కుల గడి ఖాళీగా వదిలేయకండి. నెల తర్వాత కూర్చుని పటం చూసేటప్పుడు మీకు సాయపడేది ఆ గడే.

3. ఎన్ని జతలు కావాలి?

కనీసం 30 ఉంటే ధైర్యంగా చదవొచ్చు. 50 నుంచి 100 దాకా ఉంటే ఇంకా మంచిది. పది చుక్కలతో ఆకారం కనిపించినా అది నిజమైన ఆకారమో, యాదృచ్ఛికంగా అలా కుదిరిందో చెప్పడం కష్టం.

సంఖ్య కంటే ముఖ్యమైనది వ్యాప్తి. నిల్వకు పనికొచ్చే మిర్చి తేమ 10, 11 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి చాలా లాట్లు అక్కడే గుమికూడతాయి. 9 దగ్గరి లాట్లు, 13, 14 దగ్గరి లాట్లు కూడా వెతికి తెచ్చుకోండి. తేమ మారకుండా ఉంటే, తేమ మారితే ఏమవుతుందో పటం ఎలా చెబుతుంది?

4. గ్రాఫ్ కాగితం మీద గీయడం

మొదటిసారి చేతితోనే గీయండి. ఒక్కో చుక్క పెడుతున్నప్పుడు ఆ లాటు గురించి ఆలోచిస్తారు. కంప్యూటర్ ఆ అవకాశం ఇవ్వదు.

మన అభ్యాస డేటా, ఒకే రకం మేలు కాయల లాట్లు పన్నెండు (తేమ శాతం, క్వింటాల్ ధర రూపాయల్లో):

- లాటు 1: 9.5, 15,200
- లాటు 2: 10.0, 15,400
- లాటు 3: 10.2, 14,900
- లాటు 4: 10.6, 15,000
- లాటు 5: 11.0, 14,300
- లాటు 6: 11.3, 14,800
- లాటు 7: 11.8, 14,500
- లాటు 8: 12.2, 14,000
- లాటు 9: 12.5, 14,200
- లాటు 10: 13.0, 13,600
- లాటు 11: 13.4, 13,900
- లాటు 12: 14.0, 13,200

30 కావాలని చెప్పి 12 ఇవ్వడానికి కారణం, చేతితో లెక్క చేసి సరిచూసుకోవడానికి వీలుగా ఉంటుందని మాత్రమే.

గీసే వరుస:

1. రెండు కాలమ్‌లలోనూ కనిష్ఠం, గరిష్ఠం గుర్తించండి. తేమ 9.5 నుంచి 14.0, ధర 13,200 నుంచి 15,400.
2. అక్షాలు ఆ పరిధికి కొంచెం అటూ ఇటూ ఉండేలా వేయండి. తేమ 9 నుంచి 14.5, ధర 13,000 నుంచి 15,600. ఇక్కడ సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. బార్ చార్టుకు ఆ నియమం కావాలి, దీనికి కాదు.
3. రెండు అక్షాల పొడవూ దాదాపు సమానంగా, పటం చతురస్రంలా ఉండాలి. వెడల్పుగా సాగదీస్తే గట్టి సంబంధం కూడా చదునుగా, బలహీనంగా కనిపిస్తుంది.
4. అక్షాల మీద పేరు, ప్రమాణం రాయండి: "తేమ (శాతం)", "ధర (రూపాయలు, క్వింటాల్‌కు)".
5. చుక్కలు పెట్టండి. రెండు లాట్లు ఒకే చోట పడితే ఆ చుక్క చుట్టూ చిన్న వలయం గీయండి. మూడోది కూడా అక్కడే పడితే ఇంకో వలయం.
6. రకం వేరైతే గుర్తు వేరు. తేజకు చుక్క, 334కు త్రిభుజం, తాలుకు ఇంటూ మార్కు.
7. కాగితం మూలన ఎన్ని జతలు, ఏ తేదీల మధ్య, ఎక్కడ తీసుకున్న డేటా అన్నది రాయండి.

చుక్కల్ని గీతతో కలపకండి. ఇది రోజువారీ ధరల గ్రాఫు కాదు.

5. ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో

తేమ ఎడమ కాలమ్‌లో, ధర దాని పక్క కాలమ్‌లో ఉంచండి. రెండూ సెలెక్ట్ చేసి, ఇన్‌సర్ట్ మెనూలో స్కాటర్ చార్ట్ ఎంచుకోండి. ఎక్సెల్ ఎడమ కాలమ్‌ను ఎక్స్ అక్షం మీదికి తీసుకుంటుంది.

విద్యార్థుల రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు, స్కాటర్ బదులు లైన్ చార్ట్ ఎంచుకోవడం. లైన్ చార్ట్‌లో తేమ విలువలు కేవలం పేర్లలా ఒకదాని పక్కన ఒకటి సమాన దూరంలో కూర్చుంటాయి. 10.0కీ 10.2కీ మధ్య దూరం, 13.4కీ 14.0కీ మధ్య దూరం ఒకేలా కనిపిస్తుంది. అది స్కాటర్ డయాగ్రమ్ కాదు.

ఇంకో చిక్కు: "12.5 శాతం" అని గడిలో మాటతో సహా టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని అంకెగా చూడదు. గడిలో అంకె మాత్రమే ఉండాలి, ప్రమాణం శీర్షికలో ఉండాలి. అంకెలు గడిలో ఎడమవైపుకి అతుక్కుని కనిపిస్తే అవి అక్షరాలుగా పడ్డాయేమోనని అనుమానించండి.

చార్ట్ రాగానే అక్షం మీద డబుల్ క్లిక్ చేసి కనిష్ఠ, గరిష్ఠ విలువలు మీరే ఇవ్వండి. దానంతట అది వేసుకునే అక్షం సున్నా నుంచి మొదలైతే చుక్కలన్నీ పై మూలన ఒక ముద్దగా కనిపిస్తాయి. ట్రెండ్‌లైన్ (చుక్కల మధ్యగా ఎక్సెల్ గీసే గీత) ఇప్పుడే పెట్టొద్దు. గీత కనిపించాక కన్ను చుక్కల్ని వదిలేసి గీత వెంటే పోతుంది.

6. అంకె వేయకముందు కంటితో చదవడం

పటాన్ని చేతి దూరంలో పెట్టుకుని, ఈ ప్రశ్నలు వరుసగా వేసుకోండి.

దిశ ఎటు? ఎడమ కింది నుంచి కుడి పైకి వెళ్తే ధన సహసంబంధం. ఎడమ పై నుంచి కుడి కిందికి దిగితే రుణ సహసంబంధం. మన పన్నెండు చుక్కలు దిగుతున్నాయి: తేమ పెరిగే కొద్దీ ధర తగ్గుతోంది.

ఎంత దగ్గరగా ఉన్నాయి? చుక్కలన్నీ సన్నని పట్టీలో ఉంటే సంబంధం గట్టిది, వెడల్పు పట్టీలో ఉంటే బలహీనం, కాగితమంతా చల్లినట్టుంటే సంబంధం కనిపించలేదని అర్థం. గీత ఎంత నిటారుగా ఉందన్నది వేరే విషయం. వాలు ఎక్కువైనంత మాత్రాన సంబంధం గట్టిది కాదు.

తిన్నగా ఉందా, వంపు తిరిగిందా? కళ్లంలో ఎండబోసిన రోజుల్ని ఎక్స్ మీద, కాయ తేమను వై మీద పెట్టి చూడండి. మొదటి రోజుల్లో తేమ గబగబా పడిపోతుంది, 10, 11 శాతం దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. అది వంపు. దానికి సరళరేఖ వేస్తే మధ్యలో ఒకవైపు, చివర్లలో ఇంకోవైపు తప్పు చెబుతుంది.

ఎక్కి దిగుతోందా? మిర్చి చేనుకు నీరు చాలకపోయినా దిగుబడి పడిపోతుంది, నీరు నిలిచినా పడిపోతుంది, మధ్యలో బాగుంటుంది. ఇలాంటి పటానికి సహసంబంధ గుణకం సున్నాకు దగ్గరగా రావచ్చు. సంబంధం మాత్రం గట్టిదే. అంకె ఒక్కటే చూసినవాళ్లు "నీటికీ దిగుబడికీ సంబంధం లేదు" అని రాసేస్తారు.

గుంపులుగా విడిపోయిందా? రెండు మబ్బుల్లా కనిపిస్తే రెండు రకాలో, రెండు మీటర్లో, రెండు కాలాలో కలిసిపోయాయి. షీటుకి వెనక్కి వెళ్లి రంగులు మార్చి మళ్లీ గీయండి.

విసనకర్రలా విచ్చుకుందా? తక్కువ తేమ దగ్గర ధరలన్నీ ఒకేచోట ఉండి, ఎక్కువ తేమ దగ్గర చెల్లాచెదురైతే, అక్కడ బేరం ఒక్కో కొనుగోలుదారును బట్టి మారుతోందని అనుకోవచ్చు. అది కూడా రిపోర్టులో రాయాల్సిన విషయమే.

ఒంటరి చుక్క ఉందా? దాని కోసం 9వ మెట్టు విడిగా పెట్టాను.

7. మధ్యగత రేఖలతో చేతి లెక్క

క్యాలిక్యులేటర్ లేకుండా చేసుకోగల పరీక్ష ఇది. కర్మాగారాల నాణ్యతా విభాగాల్లో బాగా వాడతారు, తరగతి గదిలో ఎందుకో తక్కువగా చెబుతారు.

1. ఎక్స్ మధ్యగతం (విలువల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే సరిగ్గా నడిమిది) కనుక్కోండి. మన డేటాలో 11.3కీ 11.8కీ మధ్య, అంటే 11.55. అక్కడ నిలువు గీత గీయండి.
2. వై మధ్యగతం: 14,300కీ 14,500కీ మధ్య, 14,400. అక్కడ అడ్డగీత.
3. ఇప్పుడు పటం నాలుగు గదులైంది. ఒక్కో గదిలో చుక్కలు లెక్కపెట్టండి. గీత మీద పడిన చుక్కల్ని లెక్కలోంచి తీసేయండి.
4. ఎదురెదురు మూలల్ని కలపండి. మన పటంలో ఎడమ పైన 5, కుడి కింద 5, కలిపి 10. కుడి పైన 1 (లాటు 7), ఎడమ కింద 1 (లాటు 5), కలిపి 2.
5. రెండు మొత్తాల్లో చిన్నదాన్ని కింది హద్దుతో పోల్చండి.

లెక్కలోకి వచ్చిన చుక్కలు, హద్దు:

- 12 చుక్కలకు 2
- 15కు 3
- 20కి 5
- 25కు 7
- 30కి 9
- 40కి 13
- 50కి 17

చిన్న మొత్తం హద్దుకు సమానంగా గానీ తక్కువగా గానీ ఉంటే సంబంధం ఉందని చెప్పొచ్చు. నిజంగా సంబంధమే లేకుంటే చుక్కలు ఇలా ఒకవైపు మొగ్గే అవకాశం సుమారు 5 శాతం లోపే. మనకు వచ్చింది 2, హద్దు 2. గట్టెక్కింది. ఒక్క చుక్క అటుపడితే గట్టెక్కేది కాదన్నది కూడా గమనించండి. 30 జతలు కావాలని పట్టుబట్టేది ఇందుకే.

8. ఇప్పుడు సహసంబంధ గుణకం

దీన్ని ఆర్ అంటారు. విలువ −1 నుంచి +1 మధ్యే ఉంటుంది. ఎక్సెల్‌లో కోరెల్ (CORREL) అనే ఫంక్షన్‌కు రెండు కాలమ్‌లు ఇస్తే వచ్చేస్తుంది. చేతితో చేయాలంటే:

- తేమ సగటు 11.625. ధరను వందల్లో తీసుకుంటే సగటు 144.17.
- ప్రతి లాటుకూ రెండు సగటుల నుంచి తేడాలు రాయండి.
- తేమ తేడాల వర్గాల మొత్తం 22.54.
- ధర తేడాల వర్గాల మొత్తం 495.67.
- రెండు తేడాల లబ్ధాల మొత్తం −99.45.
- 22.54ను 495.67తో గుణించి వర్గమూలం తీస్తే సుమారు 105.7. −99.45ను దాంతో భాగిస్తే −0.94.

రుణ గుర్తు దిశను చెబుతుంది, 0.94 ఎంత బిగుతుగా ఉందో చెబుతుంది. సరళరేఖ వాలు కావాలంటే −99.45ను 22.54తో భాగించండి: −4.41, అంటే ఒక శాతం తేమ పెరిగితే క్వింటాల్‌కు సుమారు 440 రూపాయల తగ్గుదల. వ్యాపారికి కావాల్సింది ఈ 440. ఆర్ విలువ ఆయనకు పెద్దగా పనికిరాదు. ఎవరి కోసం రాస్తున్నారో చూసుకుని ఏ అంకె ముందు పెట్టాలో తేల్చుకోండి.

పటంలో వంపు కనిపించి, అది ఒకే దిశలో సాగుతుంటే ఆర్ బదులు స్పియర్‌మన్ ర్యాంకు సహసంబంధం (విలువల బదులు వాటి ర్యాంకులతో వేసే గుణకం) వేయండి. ఎక్కి దిగే ఆకారమైతే రెండూ వేయొద్దు, పటాన్నే చూపించండి.

అంకె ఒక్కటే చాలదని ఇంకా అనుమానం ఉన్నవాళ్లు ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో ఇచ్చిన నాలుగు డేటా సెట్లను వెతికి గీసి చూడండి. నాలుగింటికీ ఆర్ దాదాపు 0.82. సగటులు, సరళరేఖ కూడా దాదాపు ఒకటే. గీస్తే ఒకటి మామూలు మబ్బు, ఒకటి వంపు, ఒకటి తిన్నని గీతకు దూరంగా ఒక చుక్క, ఇంకొకటి నిలువు వరుస, దాని పక్కన దూరంగా ఒంటరి చుక్క.

9. ఒక్క తాలు లాటు చేసే పని

మన షీటులో పదమూడో లాటు చేరిందనుకోండి: తేమ 9.8, ధర 7,000. బాగా ఎండింది, అయినా ధర సగం. షీటులో గ్రేడు గడి చూస్తే "తాలు" అని ఉంది. తెల్లబారి రంగు పోయిన కాయ. దాని ధరను తేల్చింది రంగు, తేమ కాదు.

గ్రేడు చూడకుండా ఈ పదమూడింటికీ కలిపి ఆర్ వేస్తే వచ్చేది +0.07. పన్నెండు లాట్లకు −0.94 వచ్చింది, ఒక్క చుక్క చేరగానే సంబంధమే మాయమైపోయింది, గుర్తు కూడా తిరగబడింది. పటం గీసినవాళ్లకు మాత్రం పన్నెండు చుక్కలు వరుసగా దిగడం, కింద ఒకటి ఒంటరిగా ఉండటం ఒక్క చూపులో తెలిసిపోతుంది.

అలా అని ఒంటరి చుక్క కనిపించగానే చెరిపేయడం పెద్ద తప్పు. ఈ వరుసలో వెళ్లండి:

1. టైపింగ్ తప్పేమో చూడండి. 14,000 బదులు 1,400 పడి ఉండొచ్చు. అసలు చీటీతో సరిచూసి దిద్దండి.
2. కొలత తప్పేమో చూడండి. నమూనా మిగిలి ఉంటే మళ్లీ కొలవండి.
3. వేరే జాతి సరుకేమో చూడండి: గ్రేడు, రకం, కోల్డ్ స్టోరేజీ సరుకా అన్నది. మన తాలు లాటు ఇక్కడ దొరికింది. దాన్ని ఈ పటంలోంచి తీసి, తాలు లాట్లకు వేరే పటం గీయండి.
4. ఇవేవీ కాకపోతే చుక్కను అలాగే ఉంచండి. దాంతో ఒకసారి, అది లేకుండా ఒకసారి ఆర్ వేసి రెండూ రిపోర్టులో రాయండి.

తీసేసిన ప్రతి చుక్కకూ లాటు నంబరు, కారణం రాసి ఉండాలి. "ఫలితం బాగా రావడం లేదు" అనేది కారణం కాదు.

10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

పరిధి చిన్నదవడం. మన డేటాలో తేమ 11.0 నుంచి 12.2 మధ్య ఉన్న నాలుగు లాట్లనే (5, 6, 7, 8) తీసుకుంటే ఆర్ −0.52కి పడిపోతుంది. సరుకు అదే, సంబంధం అదే. చూసిన కిటికీ చిన్నదైంది. దీనికి మందు, పరిధి చివర్ల లాట్లు తెచ్చుకోవడం.

రకాలు కలిపేయడం. తేజ, బ్యాడిగి, 334 అన్నీ ఒకే రంగు చుక్కలతో గీస్తే రకాల మధ్య ధర తేడాలు తేమ ప్రభావాన్ని కప్పేస్తాయి. ఒక్కోసారి విడివిడిగా దిగుతున్న రెండు గుంపులు కలిపితే పైకి ఎక్కుతున్నట్టు కనిపిస్తాయి. ముందు కలిపి, తర్వాత విడదీసి, రెండు విధాలా గీయండి.

సగటులతో గీయడం. ఒక్కో లాటు బదులు ఒక్కో రోజు సగటు తేమ, సగటు ధర పెడితే చుక్కలు చక్కగా వరుసలోకి వస్తాయి, ఆర్ పెరుగుతుంది. లాట్ల మధ్య ఉన్న అసలు చెదురు సగటులో కలిసిపోతుంది. సగటులు వాడితే ఆ మాట పటం మీదే రాయండి.

ఆలస్యాన్ని మరచిపోవడం. ఇది మిర్చికంటే నీళ్ల లెక్కల్లో బాగా కనిపిస్తుంది. పులిచింతల నుంచి వదిలిన నీరు విజయవాడ ప్రకాశం బ్యారేజీకి చేరడానికి గంటలు పడుతుంది. ఒకే గంటలో రెండుచోట్ల తీసిన అంకెల్ని జతచేస్తే చుక్కలు చెదిరిపోతాయి. బ్యారేజీ అంకెలున్న కాలమ్‌ను గంట గంటకూ జరుపుతూ కొన్ని పటాలు గీయండి. చుక్కలు ఎక్కడ బాగా దగ్గరికి వస్తాయో అక్కడ ఆలస్యం ఎంతో అంచనాకు వస్తుంది.

రేఖను పరిధి దాటించడం. మన సరళరేఖను పొడిగిస్తే 20 శాతం తేమకు సుమారు 10,700 రూపాయలు చెబుతుంది. మన దగ్గర 14 శాతం దాటిన లాటు ఒక్కటీ లేదు. అంత తడి సరుకుకు బూజు భయం ఉంటుంది, దాని లెక్కే వేరు. పరిధి దాటి చెప్పకండి.

11. సంబంధం కనిపించింది, మరి కారణం?

విజయవాడ దగ్గరి నున్న మార్కెట్‌కు వచ్చే మామిడినీ, విజయవాడ ఇళ్లల్లో కాలే కరెంటునూ నెలవారీగా జతచేసి గీస్తే ధన సహసంబంధం రావడం ఖాయం. మామిడి పళ్లు ఏసీలను తిప్పడం లేదు కదా. రెండింటి వెనకా వేసవి ఉంది.

మిర్చిలోనూ అలాంటిది ఉండొచ్చు. సీజన్ మొదట్లో వచ్చే సరుకులో తేమ ఎక్కువ ఉండి, అప్పటి ధరలు వేరే కారణాలతో తక్కువగా ఉంటే, పటంలో తేమే దోషిలా కనిపిస్తుంది. పట్టుకోవడానికి మూడు పనులు చేయొచ్చు:

- ఒకే రోజు లాట్లను మాత్రమే తీసుకుని గీయండి. సంబంధం నిలిస్తే తేదీ మీద అనుమానం తగ్గుతుంది.
- చుక్కలకు వారాన్ని బట్టి రంగులు వేయండి. రంగులన్నీ వేర్వేరు గుంపులైతే అసలు కథ కాలానిది.
- తేదీని ఎక్స్ మీద పెట్టి, తేమకు ఒకటి, ధరకు ఒకటి గీయండి. రెండూ కాలంతో పాటు ఒకే దిశలోనో, ఎదురెదురుగానో జరుగుతుంటే జాగ్రత్తపడండి.

యార్డులో ఉన్నవాళ్లని కూడా అడగండి. తేమ చూసి రేటు కోస్తున్నామని కొనేవాళ్లే చెబితే, ఆ మాట పటానికి మంచి బలం.

12. రిపోర్టులో రాసే వాక్యం

"తేమ వల్ల ధర తగ్గింది, ఆర్ విలువ −0.94" అని రాయకండి. ఇలా రాయండి: "9.5 నుంచి 14.0 శాతం తేమ ఉన్న 12 మేలు కాయల లాట్లలో, తేమ ఒక శాతం ఎక్కువ ఉన్నచోట ధర సగటున క్వింటాల్‌కు 440 రూపాయలు తక్కువగా కనిపించింది. సంబంధం సరళరేఖకు దగ్గరగా ఉంది, ఆర్ −0.94. తాలు గ్రేడు లాటు ఒకటి (నంబరు 13) ఈ పటంలో చేర్చలేదు."

వాక్యం పొడుగైంది, కానీ చదివినవాళ్లకు పరిధి, సంఖ్య, ఆకారం, తీసేసిన చుక్క అన్నీ తెలుస్తాయి.

గైడ్‌కు ఇచ్చేముందు ఒకసారి టిక్ పెట్టుకోండి:

- ప్రతి చుక్కకూ లాటు నంబరు చెప్పగలను
- రెండు కొలతలూ ఒకే లాటువి
- లైన్ చార్ట్ కాదు, స్కాటర్ చార్టే
- అక్షాల మీద పేర్లు, ప్రమాణాలు ఉన్నాయి
- రకాలు, గ్రేడులు వేర్వేరు గుర్తులతో ఉన్నాయి
- ఆకారం చూశాకే ఆర్ వేశాను
- పటం, ఆర్ రెండూ ఒకే పేజీలో ఉన్నాయి
- తీసేసిన చుక్కలకు కారణాలు రాశాను
- అసలు డేటా షీటు అనుబంధంగా జతచేశాను